దాలమ్మ తొట్టి

నువ్వు నమ్మవు. నా మీసం మీద ఒట్టేసి సెప్తన్నాను, సచ్చినా నమ్మవు.

సముద్రంలో ఉప్పు ఇంకా సగమే కరిగిన కాలమది. ఉప్పుమడుల్లో పన్జేసేవోల్ల పేటొకటుండేది. సుట్టూ నీరే, తాగడానికి సుక్క నేదు. ఆ పేటలో దాలమ్మని ఓ మనిసి. ఊరిదాకా మూడు కోసులు నడిసి, మంచినీల్లు నెత్తినెట్టుకొచ్చేది.

పేటకొచ్చే పిల్లకాలవ లేకపోలేదు. దానికి తలుపేసి బిగించీసినారు. ఎందుకంటే ఊర్లో కావిడి పార్టీవోల్లు గోడ మీద సున్నంతో రాసుకున్నారు: కాలవ నీరు వరిసేనిదే. అది ఆల్ల సిద్దాంతం. ఆల్లకి పోటీ గంప పార్టీ. ఆల్ల గోడ మీదా అదే మాట. వరి రైతులు ఓటుకి ఎప్పుడూ వస్తారు, ఉప్పోల్లు ఎప్పుడూ రారు. గోడ మీద ఎవరి మాటుంటాది మరి?

ఓటంటే అప్పుడు తెర ఎనకాల రెండు కుండలు. ఒకదాంట్లో గులకరాయేసి రావడమే. ఎవరిది ఎందులో పడ్డాదో దేవుడికెరిక. కానీ లోపలికెల్లేముందు వాకిట్లో తొట్టిలో కాల్లెట్టి కడుక్కోవాల. సాయంత్రం ఆ నీరు కావిడి పార్టీ పెద్ద జగ్గుబాబు గేదికి.

మొదటిపాలి దాలమ్మ ఒక్కర్తే ఎల్లినాది. మడి ఉప్పంటిన కాల్లు కడిగినాది, రాయేసినాది, వచ్చీసినాది. గేది సుబ్బరంగా తాగీసినాది. ఒక్క మనిసి ఉప్పు నా గేది నాలిక్కి ఆనదని జగ్గుబాబు నవ్వినాడు. పేటోల్లూ నవ్వినారు.

రెండోపాలి ఇంటింటికీ తిరిగి, తిట్టి, బతిమాలి, పేటంతటినీ లాక్కెల్లినాది. కాల్లు కడిగినారు, రాల్లేసినారు, వచ్చీసినారు. గేది తొట్టిలో మూతెట్టి, జగ్గుబాబు మొకం మీద తుమ్మినాది. ఆయన ఏలు ముంచి నాకి సూసినాడు. కటికుప్పు. మర్నాడు పేటలో మజ్జిగ పంచినారు, కాలవ తలుపు మూడు రోజులు తీసి మల్లీ మూసీసినారు. గోడ మీద మాట మాత్రం కదల్లేదు.

మజ్జిగ తాగేం కదా, ఇంకెందుకెల్డం అన్నారు పేటోల్లు.

"ఒకపాలి ఎల్తే సుట్టాలమర్రా," అన్నాది దాలమ్మ. "సుట్టానికి మజ్జిగిచ్చి పంపీస్తారు. ఎప్పుడూ ఉండేవోడినే ఏటొండాలని అడుగుతారు."

జగ్గుబాబు ఓనాడు దారికడ్డొచ్చినాడు. "ఒసే దాలీ, ఎవరి కుండలో ఏసినావే?"

"కాల్లు కడగడం సూసినావు కద బావూ. అది సాల్లే."

మూడోపాలి ఓటు ఇంకా మూడు రోజులుందనగా దాలమ్మ పోయినాది.

ఓటు రోజున మడుల్లో ఉప్పు మల్లెపూవులా పండుంది. తూర్పున మబ్బు పట్టినాది. ఆ పూట ఉప్పుని గట్టుకి లాగకపోతే ఆరు నెలల కట్టం నీల్లైపోద్ది. అందరూ పారలట్టుకున్నారు, ఒకరి మొకం ఒకరు సూడ్డం లేదు. ఊర్లో సాయంత్రం దాకా ఆగకుండా మద్దినేలకే గేదిని తొట్టి కాడికి వదిలీసినారు, అది తాగుతానే ఉంది. ముసల్ది పోయినాది, సుట్టాలూ పోయినారని జగ్గుబాబు పక్కోల్లతో అంటన్నాడు.

మడిలో ఒక ముసలాయన పార కిందెట్టీసినాడు. "ఉప్పు మల్లీ పండుద్దిలే," అని ఊరేపు నడిసినాడు. ఎనకాల పేటంతా నడిసినాది.

వానొచ్చినాది. మడుల్లో ఒక్క పలుకు మిగల్లేదు. ఊర్లో మాత్రం గేది తొట్టి వాసన సూసి, పలుపు తెంపుకుని మూడూల్లు దాటి పారిపోనాది. అబద్దమైతే గేదినడుగు.

జగ్గుబాబు తొట్టిలో మల్లీ ఏలు ముంచి నాకినాడు. పిలిసే దాలమ్మ లేకపోయినా వచ్చినారు, పండిన ఉప్పొదిలీసి వచ్చినారు. ఇంక ఆల్లు రాని ఓటుండదని ఆయనకి తెలిసిపోనాది. సున్నం కలిపించినాడు. తెల్లారేసరికి గోడ మీద మాట: నీరు ముందు గొంతుకి, తరవాత సేనికి. వారానికి గంప పార్టీవోల్లూ అదే రాసినారు, ఇంకా పెద్దచ్చరాల్తో. ఇప్పుడడిగితే రెండు పార్టీలవోల్లూ అది మా తాతల నాటి సిద్దాంతమంటారు.

ఆ కాలవ తలుపు మల్లీ పడలేదు. ఓటు రోజున పేటోల్లు ఇప్పటికీ ఇంటికాడ కాల్లు కడుక్కోరు, మడి మట్టితోనే ఎల్తారు. ఓటేసినావా అని అడగరు. "దాలమ్మ తొట్టి తొక్కినావా?" అంటారు.

నవ్వుతావేటి? ఈపాలి ఓటు రోజు సాయంత్రం ఎల్లి, ఆ తొట్లో ఓ దోసిడు నీల్లు తాగు. తియ్యగుంటే రా, నా మీసం నీ సేత్తోనే గొరిగీ.