నీటిగుర్రానికి పాలాభిషేకం

ఇది చాలా చిన్న కథ. ఒక గేదె ఒక రాయి మీద పాలు పోసింది, అంతే. గడ్డిమోపు విప్పి పరిచేలోపు చెప్పేయొచ్చు. కాకపోతే ఆ గేదె ఎవరిదో చెప్పాలి, ఆ రాయి అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి. సముద్రం అవతలి కబుర్లను దాలినాయుడి దొడ్లోకి మోసుకొచ్చిన పిట్ట సంగతి చెప్పకపోతే అసలేమీ అర్థం కాదు.

పిట్ట ఉల్లంకి. ఎండాకాలం ఏయే దేశాల్లో ఉంటుందో గానీ, చలి మొదలవగానే దాలినాయుడి దొడ్డి వెనక ఎప్పుడూ తడి ఆరని తంపర నేలలో దిగుతుంది. బురదలో పురుగులు ఏరుకోవడం దాని పని, కబుర్లు చెప్పడం దాని సరదా. ఇక రాయి అంటారా, చెరువు పూడిక తీసినప్పుడు బయటపడింది. నల్లగా, నున్నగా, బోర్లించిన గుండిగలా ఉంటుంది. ఎత్తి అవతల పారేస్తానని దాలినాయుడు చాలామందితో చెప్పాడు. చెప్పాక మళ్ళీ దాని మీదే కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు.

కిందటేడు ఉల్లంకి రెండు సంగతులు చెప్పి వెళ్ళిపోయింది. ఆఫ్రికాలో నీటిగుర్రం అనేవాడు పగలంతా నీళ్ళలోనే ఉంటాడని ఒకటి. ఆస్ట్రేలియాలో కంగారూ అనేవాడు తోక మీద నిలబడి రెండు కాళ్ళతో తంతాడని ఇంకొకటి. మొదటిది విని గేదె బుల్లెమ్మ, లోకంలో అంతటి ఈతగాడు లేడని తేల్చేసింది. రెండోది విని పొట్టేలు గవరయ్య, కుస్తీ అంటే కంగారూదేనని తేల్చేశాడు. ఆ రోజు నుంచి దొడ్లో మిగతా జీవాలకు నిద్ర లేదు.

"మావాడు దిగాడంటే ఏరు ఒడ్డు దాటాల్సిందే," అనేది బుల్లెమ్మ.

"అందులో ఏముంది వదినా, నువ్వు దిగినా చెరువు ఒడ్డు దాటుతుంది. ఎగిరి తన్నమను చూద్దాం."

"తన్నడం కూడా ఒక ఆటేనా మరిదీ? చాకలోళ్ళ గాడిద రోజూ తంతుంది. దాన్ని ఎవరూ వీరుడనలేదే."

"గాడిదకి శిక్షణ లేదు. మావాడి కాళ్ళు చూశావా?"

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదు. తెలుస్తుంది."

ఇంతకీ వీళ్ళ సొంత ఆట ఎలాంటిదంటే, బుల్లెమ్మ ముక్కు తడిసే లోతుకు ఏనాడూ పోలేదు. గవరయ్య ఒకే ఒకసారి పక్కవీధి పొట్టేలుతో పందానికి దిగాడు. ఢీకొట్టడానికి వెనక్కి నడిచాడు, అలా నడుస్తూ నడుస్తూ ఇంటికొచ్చేశాడు.

ఈ వాదనలన్నీ చూరు మీద పడుకుని వింటూ ఉండేది పిల్లి చుక్కమ్మ. దానికి ఏ ఆటా పట్టదు. దానికి పట్టేది పాలు. దాలినాయుడి భార్య సన్యాసమ్మ పాలు పిండిన తపేలా మీద మూత పెట్టి, మూత మీద సన్నికల్లు పెట్టే మనిషి. ఆ ఇంట్లో చుక్కమ్మకు పాలు కనిపించేవే గానీ అందేవి కావు.

ఒకరోజు చుక్కమ్మ చూరు దిగి గవరయ్య పక్కకు చేరింది.

"మీ కంగారూకి అక్కడ ప్రతి పోటీకి ముందూ పాలాభిషేకం చేస్తారట కదా బావా. నీకు తెలిసే ఉంటుందిలే."

"తెలియకేం," అన్నాడు గవరయ్య. అంతవరకూ అతనికి తెలియదు.

సాయంత్రానికి ఆ మాట దొడ్డంతా తిరిగింది. "గుండిగలతో పోస్తారట వదినా. మీవాడికి కనీసం ఒక చెంబుడు పోసినవాడున్నాడా?"

బుల్లెమ్మ ఆ పూట కుడితి ముట్టలేదు. మర్నాడు చుక్కమ్మను పిలిచి అడిగింది. "నిజంగా పోస్తారా చుక్కమ్మా?"

"పొయ్యకపోతే పెద్దవాడెలా అవుతాడక్కా? మీవాడికే ఎవరూ లేరు పాపం. గేదెలు లేని దేశమేమో. అదిగో, ఆ రాయి చూడు. ఆ వీపు, ఆ పొట్ట, అచ్చం మీవాడే."

"నువ్వు ఆయన్ని చూశావా?"

"చూడకపోతే పోలిక ఎలా చెబుతాను?"

బుల్లెమ్మకు ఆ మాట సబబుగా తోచింది.

ఆ రోజు నుంచి సన్యాసమ్మ పిండడానికి కూర్చుంటే బుల్లెమ్మ సగం పాలు వదిలి, మిగతావి పొదుగులోనే దాచుకుని ఎగచేపడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిని కునుకు తీస్తున్నప్పుడు వెళ్ళి రాయి పొదుగు కిందికి వచ్చేలా నిలబడేది. కళ్ళు మూసుకునేది. దూడ మూతి తగిలితే గాని చేపని గేదె, నీటిగుర్రాన్ని తలుచుకుంటే చేపింది. పాలు రాయి మీద నుంచి జారి కింద గుంటలో చేరేవి. గుంట శుభ్రం చేసే బాధ్యత చుక్కమ్మ తీసుకుంది.

గవరయ్యకు కడుపు మండిపోయింది. తనవైపు పాలు ఇచ్చేవాళ్ళు లేరు. గొర్రెల్ని అడిగి చూశాడు. పిల్లల్ని చూపించి పొమ్మన్నాయి. అడిగి పరువు పోగొట్టుకోవడం కంటే వెక్కిరించడం సుఖమని వెనక్కి వచ్చాడు.

"ఇంతేనా వదినా? ఆ మాత్రం దానికి అభిషేకమని పేరెందుకు, చిలకరింపు అను."

బుల్లెమ్మ పౌరుషం గల గేదె. మర్నాడు ఇంకొంచెం ఎక్కువ ఎగచేపింది. దూడకు మిగిలింది నురగ. దాని డొక్కలు బయటపడ్డాయి.

"అమ్మా, ఆయన తాగుతాడా?" అని అడిగింది దూడ, రాయిని చూస్తూ.

"తాగడు. అది గౌరవం."

"మరి పిల్లి తాగుతోందే?"

"అది శుభ్రం చేస్తోంది. పెద్దల విషయాల్లో తల దూర్చకు."

పాల తపేలా తేలికైపోవడం సన్యాసమ్మ చూడకపోలేదు. ఒక ఉదయం దొడ్లోనే మొగుడితో అంది. "ఇది వట్టిపోయింది. దాణా దండగ."

"అయితే సోమవారం సంతకి తోలేద్దాం. బేరగాణ్ణి ఈ మధ్యాహ్నం వచ్చి చూసుకోమంటాను," అన్నాడు దాలినాయుడు, సున్నం పూసిన ఆకు మడుస్తూ.

వట్టిపోయిన గేదెను సంతలో పాల కోసం ఎవరూ కొనరు. ఆ సంగతి దొడ్లో కోడిపిల్లకు కూడా తెలుసు. బుల్లెమ్మ నెమరు ఆగిపోయింది. దూడ వచ్చి పొదుగు కింద దూరితే, చాలా రోజుల తరవాత మొదటిసారి దాని డొక్కల వైపు చూసింది.

ఆ పూటే ఉల్లంకి దిగింది. దిగి, ఎప్పట్లాగే బుల్లెమ్మ వీపెక్కింది.

"మావాడు ఎలా ఉన్నాడు?" అంది బుల్లెమ్మ. మొదట అడిగింది అదే.

"నీటిగుర్రమా? బాగానే ఉన్నాడు. ఈత రాదు గానీ."

"ఏమిటి?"

"ఈత రాదు. అడుగున కాళ్ళు ఆనించి నడుస్తాడు. లోతుంటే పోడు."

గవరయ్య నవ్వడానికి నోరు తెరిచాడు. ఉల్లంకి అతని వైపు తిరిగింది. "కంగారూ కూడా కులాసాయే. వెనక్కి మాత్రం నడవలేడు."

"వెనక్కి నడవకపోతే ఢీ ఎలా కొడతాడు?"

"కొట్టడు."

గవరయ్య తెరిచిన నోటితో గడ్డి అందుకున్నాడు.

"మరి అక్కడ పాలాభిషేకాలు?" అని అడిగింది బుల్లెమ్మ.

"అక్కడ మొసళ్ళుంటాయి. పాలు పట్టుకుని ఎవరూ రారు."

అందరూ చుక్కమ్మ వైపు చూశారు. చుక్కమ్మ మొహం కడుక్కుంటోంది.

ఇక్కడితో బుల్లెమ్మకు బుద్ధి వచ్చి, పాలన్నీ దూడకూ సన్యాసమ్మకూ ఇచ్చేసి ఉండాలి. కానీ అభిమానం అలా వదిలేది కాదు. కాసేపు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. ఈత వచ్చినవాడు నీళ్ళలో ఉండటం గొప్పా? ఈత రాకపోయినా అందులో ఉండటం గొప్పా?

"ఎలాగూ సంతకి పోతున్నాను. పోయేముందు ఆయనకి ఒక్కసారి నిండుగా పోస్తాను," అంది.

"ఈత రానివాడికా వదినా?"

"అలాంటివాడికే మరిదీ, అండ కావాల్సింది."

మధ్యాహ్నం దాలినాయుడు బేరగాణ్ణి వెంటబెట్టుకుని దొడ్లోకి వచ్చేసరికి, వట్టిపోయిందన్న గేదె కళ్ళు మూసుకుని నల్లరాయికి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడి ఉంది. నాలుగు ధారలుగా పాలు పడుతున్నాయి. దాలినాయుడు తలపాగా తీసేశాడు. బేరగాడు చెప్పులు విడిచాడు.

కాసేపటికి ఊరంతా దొడ్లో ఉంది.

"ఆవు పోసిందంటే విన్నాం గానీ, గేదె పోస్తుందా?" అని ఒకాయన సందేహం వెలిబుచ్చాడు.

"దాలినాయుడి దొడ్లో ఆవేదీ? ఉన్నదాన్నే పిలుచుకుంది అమ్మవారు," అన్నాడు ఊరిపెద్ద. సాయంత్రానికి రాయికి పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టారు.

బుల్లెమ్మను అమ్మలేదు. కొమ్ములకు రంగు వేశారు. దాని పాలు పిండటానికి సన్యాసమ్మకు భయం వేసి, అన్నీ దూడకే వదిలేసింది. రాయికి ఇప్పుడు ఇళ్ళ నుంచి చెంబులతో పాలు వస్తున్నాయి, కింద ఇత్తడి బిందె పెట్టి పట్టి అందరికీ తీర్థంగా పోస్తున్నారు. గుంట దగ్గరికి వెళ్ళిన చుక్కమ్మను చీపురుతో కొట్టి తరిమారు. ప్రస్తుతం పక్కవీధిలో ఎలుకలు పట్టడం మళ్ళీ నేర్చుకుంటోంది.

అమ్మవారు వెలిసిందంటే జాతర చెయ్యాలి. జాతర అంటే మొదటి మొక్కు వెలిసిన దొడ్డి వాళ్ళదే. దాలినాయుడు గవరయ్యకు పసుపునీళ్ళతో స్నానం చేయించి, మెడలో వేపమండలు, బంతిపూలు కలిపి దండ వేశాడు. డప్పులు వచ్చాయి.

"చూశావా వదినా," అన్నాడు గవరయ్య, మెడ నిక్కించి. "నీకు కొమ్ములకి రంగుతో సరి. దండ మాత్రం కంగారూ మనిషికే పడింది."

బుల్లెమ్మ ఇదివరకు ఒక జాతర చూసి ఉంది. "బాగుంది మరిదీ," అని, గడ్డి వైపు తిరిగింది.

ఆదివారం జాతర జరిగింది. సోమవారం దొడ్లో గవరయ్య లేడు. కంగారూ ఆస్ట్రేలియాలో క్షేమంగానే ఉన్నాడని ఉల్లంకి చెప్పింది.

నీతి: ఎక్కడో ఉన్నవాడి గొప్ప కోసం పక్కనున్నవాళ్ళను రెచ్చగొట్టకు, పూజ ఎవరికి జరిగినా మొక్కుకు దొరికేది దగ్గరున్నవాడే.