రెండు చప్పట్లు

"కోటమ్మక్కను తీసుకురావద్దమ్మా," అంది ఝాన్సీ. "మన పరువు పోతుంది."

దర్గా వెనక రేకుల షెడ్డులో కూర్చుని మస్తానమ్మ పూలు కడుతోంది. ఒకప్పుడు ఆడవాళ్ల జైల్లో శిక్ష అనుభవించి వచ్చిన మనిషి. విడుదలయ్యాక ఇంటివాళ్లు తలుపు తీయని ఆడవాళ్లను ఆ షెడ్డులో చేర్చుకుంటుంది. వాళ్లు ఆమెను గురువమ్మ అంటారు. ఆమె వద్దనదు, ఔననదు.

ఝాన్సీ కూడా అలా వచ్చిందే. లోపల ఉండగానే డిగ్రీ కట్టి పాసయింది. మర్నాడు జైలు నిబంధనలు మార్చే కమిటీ ముందు అందరి తరఫునా మాట్లాడబోయేది ఆమే. అడగబోయేది ఒక్కటే. లెక్కప్పుడు ఆడవాళ్లను నేలమీద కూర్చోబెట్టడం ఆపండి.

లోపల రోజూ లెక్క ఉంటుంది. వార్డరు రెండు చప్పట్లు కొడుతుంది. ఎక్కడివాళ్లక్కడ జతలుగా గొంతుక్కూర్చుని తల వంచాలి. లెక్క సరిపోయేదాకా లేవకూడదు. కోటమ్మ నిండు చూలాలిగా అలాగే కూర్చుంది. నొప్పులొస్తున్నాయని అరిచినా లేవనివ్వలేదు. ఒకటి తగ్గిందట, మళ్లీ మొదట్నించీ లెక్కపెట్టారు. బిడ్డ దక్కలేదు.

ఇప్పుడు లోపల ఇంకో ఇద్దరు చూలాళ్లున్నారు.

"అక్క సంగతి నేను చెబుతాగా," అంది ఝాన్సీ. "ఆమె వస్తే ఖాకీ కనపడగానే చతికిలబడుతుంది. మొన్న కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడిని చూసి కూర్చుంది! వీధంతా నవ్వారు."

గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతున్న కోటమ్మ తలెత్తలేదు. "వాడిదీ ఖాకీ చొక్కానే కదే," అంది.

"నవ్వులాట కాదక్కా. నేను అవన్నీ జైలు గేటు దగ్గరే వదిలేసి వచ్చా. నువ్వూ వదిలెయ్."

మస్తానమ్మ దారం కొరికి, "అందరం వెళ్దాం," అంది.

కమిటీకి పెద్ద ఒక రిటైరైన మహిళా జడ్జి. ఆమె పక్కన ఒకప్పటి జైలు సూపరింటెండెంటు. ఝాన్సీ మైకు పట్టుకుని గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. ఎన్ని జైళ్లు, ఎంతమంది ఆడవాళ్లు, అందులో నేరం రుజువు కానివాళ్లు ఎందరు, అన్నీ శాతాలతో సహా చెప్పింది. కోటమ్మ బిడ్డ కూడా అందులో ఒక అంకె అయింది. జడ్జిగారు తలూపుతూ విన్నారు.

సూపరింటెండెంటు నవ్వాడు. "అంకెలు బాగున్నాయమ్మా. లెక్క లేకపోతే జైలు ఎలా నడుస్తుంది చెప్పు? కాసేపు కూర్చుంటే అరిగిపోతారా? అయినా బయటికొచ్చాక ఎవరికి గుర్తుంటుంది అదంతా? నిన్నే చూడు, ఎంత దర్జాగా నిలబడి మాట్లాడుతున్నావో!"

చివరి మాట ఝాన్సీకి బాగానే ఉంది. మొదటి మాటలకు జవాబు మాత్రం ఆమె అంకెల్లో లేదు.

వెనక వరసలో మస్తానమ్మ లేచి నిలబడింది. రెండు చప్పట్లు కొట్టింది.

కుర్చీలు కిర్రుమన్నాయి. షెడ్డు నుంచి వచ్చిన ఆడవాళ్లంతా నేలమీద ఉన్నారు, జతలుగా, తలలు వంచుకుని. చప్పట్లు కొట్టిన మస్తానమ్మా నేలమీదే ఉంది. ఝాన్సీ చేతిలో మైకు లేదు. ఎప్పుడు వదిలేసిందో ఆమెకు తెలియదు. తనూ కోటమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. కోటమ్మ అప్పటికే జరిగి చోటిచ్చింది.

హాల్లో కదులుతున్నది ఒక్కటే, సూపరింటెండెంటు చూపుడు వేలు. అది బల్ల మీంచి లేచి, ప్రతి జత దగ్గరా ఆగుతూ చివరి వరస దాకా వెళ్లింది. ఆయన పెదవులు కూడా కదులుతున్నాయి.

జడ్జిగారు ఆ వేలివంక చూశారు.

"లెక్క సరిపోయిందా సార్?" అన్నారు.

ఆయన చెయ్యి బల్ల కిందికి దించుకున్నాడు. కాసేపు విరామం అన్నారు జడ్జిగారు.

వరండాలోకి రాగానే ఝాన్సీ గురువమ్మ మీద విరుచుకుపడింది. "మనిషివేనా నువ్వు? అంతమందిలో నన్ను నేలమీద కూర్చోబెడతావా? నువ్వూ ఆ వార్డరులాంటిదానివే! ఒక్క మాట ముందు చెప్పొచ్చుగా?"

"చెబితే కూర్చునేదానివా?"

"చచ్చినా కూర్చోను!"

"ఊఁ," అంది మస్తానమ్మ.

ఝాన్సీకి ఏడుపొచ్చింది. "సిగ్గుతో చచ్చిపోయానమ్మా."

"ఎవరిదే ఆ సిగ్గు?"

ఝాన్సీ వెనక్కి తిరిగింది. హాలు తలుపు సందులోంచి సూపరింటెండెంటు కనపడుతున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా, ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోతున్నాడు.

ఇంతలో ఖాకీ బట్టల బంట్రోతు బయటికొచ్చాడు. "మేడమ్ పిలుస్తున్నారు. ఇందాక మాట్లాడినావిడ ఎవరండీ?"

గోడ పక్కన కోటమ్మ మోకాళ్లు అప్పుడే వంగుతున్నాయి. ఝాన్సీ వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"రా అక్కా. నీ బిడ్డ సంగతి నువ్వే చెప్పు."

"వద్దే తల్లీ. ఆ సూపరింటెండెంటుని చూసి మళ్లీ కూర్చుండిపోతానేమో!"

"కూర్చో," అంది ఝాన్సీ. "చూడనీ."