తోక తక్కువైన ఏనుగు

గవరయ్య ఇంట్లో ముగ్గురు. ముగ్గురికీ తెలివే తెలివి. ఆ మాట ఎవరన్నారంటే, వాళ్ళే అన్నారు. గవరయ్య, పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు సింహాద్రి రోజూ పొద్దున్నే ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకున్నాకే టీ తాగేవారు.

వాళ్ళ వీధి కుళాయికి రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి. ఇంట్లో ఉన్న డ్రమ్ము చిన్నది. పాపం, మర్నాటికి చాలక పైడమ్మ గిన్నె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. అలాంటి సమయంలో బడిలో ఊరందరికీ పోటీ పెట్టారు. పారేసిన ప్లాస్టిక్‌తో బొమ్మ చేయాలి, మొదటి బహుమతి పెద్ద నీళ్ళ డ్రమ్ము!

"ఏనుగు సేసేద్దాం" అన్నాడు గవరయ్య.

"మంచి వస్తువులు వాడకూడదు. పారేసినవే వాడాలి" అని డ్రాయింగు మేష్టారు గట్టిగా చెప్పారు.

ఇల్లంతా వెతికారు. అన్నీ మంచివే. "మనింట్లో పారేసింది ఒక్కటీ లేదేటి!" అని పైడమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పారేస్తే ఉంటాయి కదొదినా!" అన్నాడు సింహాద్రి.

అంతే! బకెట్లు వీధిలోకి విసిరారు. మళ్ళీ వాళ్ళే బయటికెళ్ళి, "అరె, ఎవరో బంగారంలాంటి బకెట్లు పారేశారు!" అని ఏరుకొచ్చారు. నూనె డబ్బా నూనెతో సహా పారేశారు. అటుగా వస్తున్న మేష్టారు జారి పడ్డారు. ఇంకేముంది, కుర్చీలు పోయాయి, మగ్గులు పోయాయి, చివరికి చిన్న డ్రమ్ము కూడా నీళ్ళతో సహా వీధిన పడి, ఏనుగు పొట్టయింది.

పోటీ రోజు మేష్టారు నడుం పట్టుకునే వచ్చారు. ఏనుగుని చూసి నొప్పి మర్చిపోయారు. "మొదటి బహుమతి మీదేనయ్యా! తోక ఒక్కటే తక్కువైంది."

కొత్త డ్రమ్ముని కావలించుకున్న పైడమ్మ మొహం వాడిపోయింది. "తోక లేని ఏనుగుకి బహుమతి పుచ్చుకుంటే దొంగతనం కాదేటయ్యా?"

"మరే" అని గవరయ్య డ్రమ్ముని వేదిక మీంచి విసిరేశాడు. సింహాద్రి పరిగెత్తి ఏరుకొచ్చి, తోక కోసం దాన్ని చుట్టూ సన్నగా కోసుకుంటూ పోయాడు. ఏనుగు కంటే తోకే పొడుగొచ్చింది.

"మరి డ్రమ్మేదయ్యా?" అన్నారు మేష్టారు నెత్తి పట్టుకుని.

"ఇదే కదండీ!" అని ముగ్గురూ తోక ఊపి చూపించారు.

మర్నాడు కుళాయి వచ్చింది. వీధంతా బిందెలతో నిలబడితే, అన్నదమ్ములు ఏనుగుని మోసుకొచ్చి తొండం కుళాయి కింద పెట్టారు.

"తాగవే తల్లీ, నీ పొట్టనిండా డ్రమ్మే కదా!" అన్నాడు గవరయ్య.

సింహాద్రి తోక పైకెత్తి పట్టుకున్నాడు. పైడమ్మ తన గిన్నె తెచ్చుకుని, ఆ తోక కింద పెట్టుకుని, నీళ్ళ కోసం కూర్చుంది.