గాలి లేనినాడు ఊగిన పువ్వు

తెల్లవారింది. ఆకాశమంతా మబ్బు. చినుకు లేదు, గాలి లేదు, ఒకటే ఉక్క. అనగా అనగా, తాతలకు తాతల నాడు, అలాంటి ఒక పొద్దున తెల్లకొండ కింద బట్టీవాళ్ళు నిద్ర లేచారు.

వాళ్ళది సున్నం కాల్చే పని. కొండరాయి కొట్టి తెచ్చి, బట్టీలో పేర్చి కాలుస్తారు. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. కొండెక్కినవాళ్ళు దిగివచ్చాక ఇంటి పెద్దామె ఒక్కొక్కరినీ పేరుపెట్టి లెక్కపెట్టాలి. అందరూ లెక్కకు వస్తేనే బట్టీకి నిప్పు.

ఆ పెద్దామె తిప్పమ్మ.

ఆ పొద్దున రాజుగారి పెత్తందారు వీరమల్లు గొడుగు పట్టుకుని దిగాడు.

"కొత్త కోటకు పాలలాంటి సున్నం కావాలి. అదిగో, ఆ పైగట్టు రాయి కొట్టండి. చీకటి పడేలోగా బట్టీ నిండకపోతే రేపటినుంచి ఈ కొండ మీది కాదు" అన్నాడు.

పైగట్టు మీద ఏనాడూ ఎవరూ సుత్తి ఎత్తలేదు. అక్కడ రాతి నెర్రెలో ఒక మొక్క ఉంది. పిడికెడు మట్టి లేదు, ఉత్త రాయి. గుండ్రటి నూగు ఆకులు రాతిని కరుచుకుని ఉంటాయి. అలాంటి మొక్క కొండమీద ఇంకొకటి లేదు. అది పూస్తుందని తిప్పమ్మ అత్త అనేది. చూశావా అంటే, చూడలేదనేది. దాని జోలికి పోవద్దని మాత్రం చెప్పి పోయింది. ఎందుకో చెప్పలేదు.

కొండ పోతే కూడు పోతుంది. మగడు మారెన్న, మరిది లింగప్ప, కూతురు కాటమ్మ పైగట్టు ఎక్కారు. అంబలి కుండ నెత్తిన పెట్టుకుని తిప్పమ్మా ఎక్కింది. రాయి తెలుపు చూసుకోవాలని పెత్తందారూ ఎక్కాడు.

మొక్క నడుమ గోరంత నీలం మొగ్గ ఉంది. తిప్పమ్మ నిలబడిపోయింది.

సుత్తులు లేచాయి. మొగ్గ చిన్నగా వణికింది. పిట్ట వాలి లేచిందేమో అనుకుంది తిప్పమ్మ.

మధ్యాహ్నానికి మొగ్గ సగం విచ్చింది. మళ్ళీ వణికింది. తొండ పాకిందేమో అనుకుంది.

పొద్దు వాలేవేళ పువ్వు పూర్తిగా విచ్చింది. వాన కడిగిన ఆకాశం తునకలా ఉంది. లోపల పసుపు గీతలు, ఎవరో వెలుగును సన్నగా గీసినట్టు. తడిరాయి వాసన. ఎత్తిన సుత్తులు ఎత్తినట్టే ఆగాయి. పెత్తందారు గొడుగు దించాడు.

పువ్వు ఊగుతోంది. పిట్ట లేదు. తొండ లేదు. కాటమ్మ నుదుటి వెంట్రుక కూడా కదలడం లేదు. పువ్వొక్కటే ఊగుతోంది.

తిప్పమ్మ మోకాళ్ళ మీద వంగి నెర్రె దగ్గర చెంప పెట్టింది. బావిలోంచి వచ్చినట్టు చల్లటి గాలి తగిలింది.

"కొండ ఊపిరి విడుస్తోంది" అంది.

లింగప్ప చెయ్యి పెట్టి చూశాడు. "హాయిగా ఉంది వదినా! ఈ పూటకు నా పక్క ఇక్కడే పరిచెయ్."

తిప్పమ్మ నవ్వలేదు. ఒక గులకరాయి నెర్రెలోకి జారవిడిచింది. అందరూ చెవి ఒగ్గారు. ఎంతకీ చప్పుడు లేదు. చాలాసేపటికి, ఎక్కడో అడుగున, నీళ్ళలో పడ్డ చప్పుడు.

"మనం నేలమీద లేం. కింద అంతా డొల్ల" అంది తిప్పమ్మ. "కప్పు మీద నిలబడి కప్పునే కొడుతున్నాం. దిగండి."

"బట్టీ సగం కూడా నిండలేదే!" అన్నాడు మారెన్న.

"పువ్వు ఊగిందని రాజుగారితో చెప్పమంటావా?" అన్నాడు పెత్తందారు.

"చూసింది చెప్పడానికి భయమెందుకయ్యా?"

"కొండ పోతుంది మీకు."

"పోనీ. ఇంకో కొండ వెతుక్కుంటాం. వీళ్ళను ఎక్కడ వెతుక్కునేది?"

ఆ మాటకు మారెన్న సుత్తి భుజాన వేసుకున్నాడు. అందరూ దిగారు. సగం దారిలో లింగప్ప ఆగాడు. "గునపం మరిచా వదినా, ఇదో వచ్చా!" పిలిచేలోగా పైకి ఉరికాడు.

కొండ గుర్రుమంది. కాళ్ళకింద నేల అదిరింది. పైగట్టు సగం లోపలికి దిగిపోయింది. తెల్లటి దుమ్ము లేచి ఆకాశాన్ని మూసింది. ఆపైన వాన.

తిప్పమ్మ పైకి రెండడుగులు వేసింది.

దుమ్ములోంచి సున్నం కొట్టిన గోడలాంటి మనిషి ఒకడు కుంటుకుంటూ వచ్చాడు.

"వదినా, నన్ను లెక్కలో వేశావా?"

"గునపం ఏదిరా?"

"కొండకే ఇచ్చేశా."

తిప్పమ్మ వాడి వీపున ఒక్కటి చరిచింది. ఆ చెయ్యి తియ్యలేదు.

దుమ్ము అణిగింది. మిగిలిన గట్టు అంచున పువ్వు అలాగే ఉంది. అంత వానగాలిలోనూ తల నిలిపి ఉంది.

పెత్తందారు తలపాగా తీశాడు. "చూసిందే చెప్తానమ్మా. ఆ గట్టు మీద ఇక సుత్తి లేవదు. కిందికొండ మీకే ఉంటుంది. పూచీ నాది."

ఆ సాయంత్రం బట్టీకి నిప్పు పెట్టలేదు. అయినా తిప్పమ్మ వానలో నిలబడి లెక్కపెట్టింది. మారెన్న. కాటమ్మ. లింగప్ప. పెత్తందారు. తను. ఒక చేతి వేళ్ళు అయిపోయాయి. గట్టు వైపు చూసి రెండో చేతి వేలొకటి మడిచింది.

మనల్ని ఇంటికి చేర్చినది పువ్వే అయినా సరే, దాన్ని మనవాళ్ళ లెక్కలో వేసుకోవాలి.