పసుపు పూసిన కొన

తుమ్మలమిట్టలో పని మానేసిన జంతువులూ, అసలు పనే ఎరగని జంతువులూ కలిసి కాపురం ఉంటాయి. తలా ఒక గుడిసె, గుడిసె వెనక తలా కాస్త పెరడు. తొలకరి చినుకు పడిందంటే అందరి కాళ్లూ ఏటి ఒడ్డునున్న గుంటయ్య నర్సరీ వైపే నడుస్తాయి. గుంటయ్య అంటే నక్క. మిట్ట మొత్తం మీద పండ్ల తోట ఉన్నది అతనొక్కడికే. పండ్లూ అతనే అమ్ముతాడు, నాటుకోమని కొమ్మలూ అతనే అమ్ముతాడు. అతని దగ్గర కొమ్మలు కొన్నవాళ్ల పెరట్లో మాత్రం ఇంతవరకూ ఒక్క చెట్టూ లేవలేదు. ఇదేం చిత్రమని ఎవరైనా అడిగేలోపే గుంటయ్య జవాబు చెప్పేస్తాడు.

"కొమ్మది తప్పా అత్తా? ఇదిగో నా తోట చూడు, అదే కొమ్మ ఎలా విరగకాసిందో! నీ చెయ్యి మంచిది కాదు, నేనేం చెయ్యను? ఆడలేనమ్మ మద్దెల ఓడు అందంట!"

అత్త అంటే మేక కొండమ్మ. ప్రతి ఏడూ పాలు పోసి కొమ్మలు కొనడం, ప్రతి ఏడూ ఎండిన పుల్లలు పీకి పొయ్యిలో పెట్టుకోవడం ఆమెకి అలవాటైపోయింది. ఎలుగుబంటి అప్పన్న సంగతీ అంతే. తేనెపట్టు మోసుకొచ్చి ఇచ్చి, పుల్లలు మోసుకుపోతాడు. చెయ్యి మంచిది కాదంటే ఎవరికి మాత్రం సిగ్గుగా ఉండదు? అందుకని ఎవరి నష్టం వాళ్లే కడుపులో దాచుకున్నారు. గుంటయ్య వ్యాపారం నడిచింది ఆ సిగ్గు మీదే.

ఆ ఏడు మిట్టకి ఒక ఎద్దు కొత్తగా వచ్చాడు. పేరు మైలన్న. చెరకు పొలాలు దున్ని, బెల్లం గానుగ తిప్పి, ఇక చాలు పొమ్మంటే వచ్చినవాడు. వెంట అతని జోడెద్దు బోడన్న. దూడలుగా ఉన్నప్పటి నుంచీ ఒకే కాడి మోసిన మెడలు వాళ్లవి. బోడన్నకి నమిలే పళ్లు అరిగిపోయాయి. ఎండుగడ్డి నోట్లో పెట్టుకుని పొద్దంతా తిప్పుతాడు, చివరికి ఉమ్మేస్తాడు. వానలున్నన్నాళ్లూ ఏటి ఒడ్డు లేతగడ్డితో నెట్టుకొస్తాడు. ఆ తరవాత ఎండాకాలం వస్తుంది కదా! దాని సంగతి తలుచుకుంటే మైలన్నకి గుండె జారిపోయేది.

"మెత్తగా అంజూర పండ్లుంటే నాకు పళ్లతో పనేముందిరా," అన్నాడు బోడన్న ఒకరోజు, వేళాకోళానికే.

మైలన్న దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు. మర్నాడు పొద్దున్నే నర్సరీకి బయల్దేరాడు.

"రా మావా, రా! నిద్రలేస్తూనే నీ మొహం చూశాను, ఇవాళ నాకు మంచిరోజే," అంటూ గుంటయ్య ఎదురొచ్చాడు. "ఏం కావాలి? దానిమ్మా? వాక్కాయా? నిమ్మా?"

"అంజూర. తొందరగా కాసేది."

"ఆహా! అసలైన సరుకు అడిగావు." జానెడు పొడుగున్న కొమ్మల కట్ట ఒకటి తీసి ముందు పెట్టాడు. ప్రతి కొమ్మకీ ఒక కొనన పసుపు దట్టంగా పూసి ఉంది. "పూజ చేయించి తెచ్చాను మావా. గుర్తుపెట్టుకో, పసుపు కొన ఆకాశం వైపు ఉండాలి. రెండో కొన మట్టిలో. పసుపు మట్టిలో తొక్కితే తల్లికి కోపం వస్తుంది. అసలీ మాట ఊరికే చెప్పను, నువ్వు కొత్తవాడివని చెబుతున్నాను."

"మరి ఖరీదు?"

గుంటయ్య కళ్లు మైలన్న మెడలో మువ్వల పట్టెడ మీదికి పోయాయి. గానుగ దగ్గర చివరిరోజున ఆసామి కట్టిన మువ్వలవి. బోడన్నకి చూపు కూడా మందగించింది, ఆ చప్పుడును బట్టే నేస్తం ఎటున్నాడో పోల్చుకుంటాడు. మైలన్న ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత మెడ వంచాడు.

"నా తోక తొక్కి వచ్చావు మావా, అదృష్టవంతుడివి!" అన్నాడు నక్క పట్టెడ విప్పుకుంటూ.

ఇంటికొచ్చాక అసలు చిక్కు మొదలైంది. సన్నటి కొమ్మని నిలబెట్టి నాటాలంటే గిట్టలకి సాధ్యమయ్యే పని కాదు. ఒకటి నిలబెడితే వాలిపోయింది. ఇంకొకటి నిలబెడితే గిట్ట కింద పడి పుటుక్కుమంది. మైలన్నకి విసుగొచ్చింది. అతనికి తెలిసిన సేద్యం ఒక్కటే, చెరకు. చెరకు ముచ్చెల్ని, అంటే నాటడానికి నరికిన గడ ముక్కల్ని, ఎవరూ నిలబెట్టరు. చాలు తీసి, పక్కమీద పిల్లల్ని పడుకోబెట్టినట్టు వరసగా పడుకోబెట్టి మట్టి కప్పుతారు. మైలన్న కొమ్ముతో చాలు గీశాడు. కొమ్మలన్నిటినీ అందులో పడుకోబెట్టాడు. పసుపు మీద మట్టి కప్పేటప్పుడు మాత్రం తల వంచి, "తల్లీ, తప్పుగా అనుకోకు, నాకు వచ్చిన పని ఇదొక్కటే," అన్నాడు.

కంచె మీదుగా తొంగిచూసిన కొండమ్మ పడీపడీ నవ్వింది.

"ఏం అన్నయ్యా, కొమ్మలకి జోల పాడుతున్నావా?"

"పాడితే మొలుస్తాయంటే పాడతానమ్మా."

"నిలబెట్టి నాటినవే మాకు మొలవలేదు. పడుకున్నవి లేస్తాయా?"

వానలు కురిశాయి. కొండమ్మ పెరట్లో కొమ్మలు పసుపు తలలెత్తి బుద్ధిగా నిలబడి, బుద్ధిగా ఎండిపోయాయి. అప్పన్న కొమ్మలూ అంతే. మైలన్న చాలులో మాత్రం ఒకనాటి పొద్దున మట్టి పగిలింది. ఆ పగులులోంచి లేత ఆకు ఒకటి పిడికిలి విప్పుతోంది. మైలన్న దాని ముందు కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎద్దులకి కన్నీళ్లు రావని ఎవరైనా అంటే వాళ్లు ఎద్దుని ఎప్పుడూ దగ్గరగా చూడలేదన్నమాట.

కానీ మైలన్న ఉత్త మెతకవాడు కాదు. అందరివీ ఎండి తనవే ఎందుకు లేచాయో తెలుసుకుంటే తప్ప అతనికి మేత సహించలేదు. ఒక కొమ్మని మెల్లిగా పెళ్లగించి చూశాడు. మొలక వచ్చింది పసుపు లేని కొన నుంచి. పసుపు కొన చుట్టూ తెల్లటి వేళ్లు కుచ్చులా అల్లుకున్నాయి.

అలాగే దాన్ని నోట కరుచుకుని బోడన్న దగ్గరికి పట్టుకొచ్చాడు. బోడన్న మూతితో తడిమి చూశాడు.

"వేళ్లు రావలసిన కొనకే పసుపు పూశాడన్నమాట!"

"అందరిచేతా కొమ్మల్ని తలకిందులుగా నాటిస్తున్నాడురా. చెట్లు లేస్తే వాడి పండ్లు కొనేదెవరు? మళ్లీ ఏడు కొమ్మలు కొనేదెవరు? ఇప్పుడే వెళ్లి పదిమందిలో కడిగేస్తాను."

"కడిగితే ఏమంటాడు? పొరపాటున పసుపు అటు అంటిందంటాడు. నువ్వూ నేనూ ఎడ్లం మైలన్నా. ఇన్నాళ్లూ గానుగ మనం తిప్పాం. ఈసారి వాడిచేత తిప్పించు."

ఎండిపోయిన కొమ్మల బదులు కొత్తవి కొందామని అందరూ నర్సరీకి చేరిన రోజు మైలన్న కూడా వెళ్లాడు. తన మొక్కని తడిగడ్డిలో చుట్టి, కనబడకుండా అప్పన్న వీపు వెనక పెట్టాడు. కొండమ్మ పాలచెంబుతో వరసలో ముందుంది. గుంటయ్య అప్పటికే మద్దెల సామెత అందుకున్నాడు.

"నిజమే గుంటయ్యా," అన్నాడు మైలన్న గట్టిగా. "కొమ్మలో లోపం లేదు. మా చేతుల్లోనే ఉంది."

"అదీ! పెద్దమనిషి అంటే నువ్వే మావా!"

"అందుకే ఒక మాట అడుగుదామని వచ్చాను. నీ చెయ్యి మంచిది కదా? ఇవాళ కొమ్మలు నువ్వే నాటు. మా పెరళ్లలోకి రానక్కర్లేదు, ఇదిగో, ఇక్కడే అందరి ముందూ ఒక్క కొమ్మ నాటు చాలు. మొలిచిందా, అడిగినంత ఇచ్చి కొమ్మలన్నీ కొంటాం. ఎండిందా, నీ చెయ్యీ మా చెయ్యీ ఒకటేనని తేలుతుంది. ఇన్నేళ్లూ పుచ్చుకున్నవి తిరిగిచ్చెయ్యాలి."

"న్యాయంగా ఉంది," అన్నాడు అప్పన్న. అతను న్యాయం అన్నప్పుడు కాస్త ముందుకు జరిగాడు. ఎలుగుబంటి ముందుకు జరిగితే నక్కకి వెనక్కి జాగా మిగల్లేదు.

"చెయ్యి మంచిదే గానీ, దుకాణం ఎవరు చూస్తారు మావా..."

"మేం చూస్తాం," అన్నారు అందరూ ఒక్కసారే.

గుంటయ్య కొమ్మ తీశాడు. గొయ్యి తీశాడు. అందరికీ చెప్పిన మాట ప్రకారం పసుపు కొన పైకి పెట్టి దించాడు. దించాక చెయ్యి ఆగిపోయింది. అలా నాటితే ఎండుతుంది, కూడబెట్టిన తేనే, పాల నుంచి తీసిన నెయ్యీ అన్నీ పోతాయి. తిప్పి నాటితే మొలుస్తుంది గానీ గుట్టు పోతుంది. ముందు గొయ్యి, వెనక నుయ్యి. మీసాలు చెమటకి తడిశాయి. చివరికి ఆశే గెలిచింది. ఎవరూ చూడటం లేదనుకుని చటుక్కున కొమ్మని తిప్పేసి మట్టి కప్పబోయాడు.

ఎన్నో ఏళ్లుగా పసుపు కొన ఆకాశానికి చూపించిన కొండమ్మ కళ్లు దాన్ని వదులుతాయా?

"ఇదేంటి గుంటయ్యా! పసుపుని మట్టిలో తొక్కుతున్నావు! తల్లికి కోపం రాదూ?"

గుంటయ్య తేలు కుట్టిన దొంగలా, "ఈ పక్షంలో ఇలాగే నాటాలి అత్తా," అని నసిగాడు.

అప్పుడు మైలన్న తన మొక్కని తెచ్చి అందరి ముందూ పెట్టాడు. పసుపు కొనకి వేళ్లు, రెండో కొనన ఆకులు.

"చూడండమ్మా. చెరకు గడకి కన్ను, అదే మొలకెత్తే మొగ్గ, ఎటు చూస్తే అటే మొలక. ఈ కొమ్మలకీ కళ్లున్నాయి, అవి ఎటు చూస్తున్నాయో నాటేముందు ఒక్కసారి చూసుకుంటే సరిపోయేది. పసుపు చూసి దణ్ణం పెట్టాం, కన్ను చూడటం మరిచాం. అంతే తప్ప ఎవరి చేతిలోనూ ఏ లోపమూ లేదు."

కొండమ్మ ఏడ్చేసింది. ఇన్నేళ్ల పాలకోసం కాదు, తన చెయ్యి చెడ్డది కాదని తెలిసినందుకు. అప్పన్న మాత్రం ఏడవలేదు. నక్కని మెడ పట్టుకుని పైకెత్తి, "ఇప్పుడు చెప్పు, మద్దెల ఎవరిది ఓడు?" అన్నాడు.

"దించు అన్నయ్యా, దించు!" అంది కొండమ్మ కళ్లు తుడుచుకుంటూ. "వాడి చెయ్యి విరిగితే మన పెరళ్లెవరు నాటుతారు? మంచి చెయ్యి కదా!"

తీర్పు అదే అయింది. మిట్టమీద ప్రతి పెరట్లోనూ గుంటయ్యే కొమ్మలు నాటాలి, కళ్లు పైకి చూసేలా. అవి కాపుకొచ్చేదాకా తన తోట పండ్లు అందరికీ ఊరికే పెట్టాలి, మొదటి బుట్ట బోడన్నకి. నక్క నాటినవి నాటినట్టే మొలిచాయి. దారిలో ఎదురైనప్పుడల్లా కొండమ్మ ఆపి మరీ మెచ్చుకుంటుంది, "ఎంత మంచి చెయ్యి గుంటయ్యా నీది!" అతను తోక ముడుచుకుని పక్క దారి పడతాడు.

మైలన్న మెడలోకి మువ్వలు తిరిగొచ్చాయి. నిండు ఎండాకాలంలో ఆ చప్పుడు విని బోడన్న గుడిసె బయటికి వచ్చాడు. మైలన్న సొంత చెట్టు తొలికాపు తెచ్చి అతని ముందు పెట్టాడు. బోడన్న ఒక పండు నాలుకతో అందుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు చప్పరించాడు.

"గింజలు పళ్లలో ఇరుక్కుంటున్నాయిరా," అన్నాడు.

"నీకు పళ్లెక్కడివిరా ముసలాడా!"

ఇద్దరూ కాడి కింద ఉన్న రోజుల్లోలా మెడలు రాసుకుని నవ్వుకున్నారు.

కొనేటప్పుడు చూడాల్సింది అమ్మేవాడు పూసిన పసుపు కాదు, కొమ్మకున్న కన్ను.