అక్కగుండు మహిమ

పూర్వం ఎర్రమల కొండల నడుమ కొలిమిదుర్గాన్ని మల్లభూపతి అనే ప్రభువు పాలించే కాలంలో, ఆయన కొలువులో వార్తాహరులుగా ఉన్న బోయవారిలో ఓబుళమ్మ అనే పదహారేళ్ల కన్య ఉండేది. ఎంత దూరం పరుగెత్తి వచ్చినా ఆమె ఊపిరి చెదరదని జనం విస్మయంతో చెప్పుకునేవారు.

ఒక వేసవిలో, కొండకు ఆవలనున్న మద్దిమాను పల్లెవారు శత్రువులకు దారి చూపారని కొలువులో ఒకడు చాడీ చెప్పగా, ప్రభువు ఆగ్రహవివశుడై ఆ పల్లెను తగులబెట్టి రమ్మని అశ్వికులను పంపాడు. ఎండ ముదరకముందే అది అబద్ధమని తేలింది. గుర్రాలు చుట్టుదారిన అప్పటికే సగం దూరం దాటిపోయాయి. "తల్లీ, నా పాపాన్ని నువ్వే ఆపాలి" అని ప్రభువు తన ముద్రాంగుళీయకాన్ని ఓబుళమ్మ చేతిలో పెట్టాడు.

ఆమె ఉంగరాన్ని కొంగున ముడివేసి, నిటారైన కొండదారి పట్టి, ముళ్లకు పాదాలు చీలుతున్నా నిలువక, కాగడాలు వెలిగిస్తున్న భటుల ముందుకు వెళ్లి నిలిచి ఉంగరం చూపింది. మద్దిమానులో ఒక్క గుడిసె కూడా కాలలేదు.

ప్రభువు స్వయంగా ఎదురేగి, "ఈ వేగం ఏ దేవత వరమమ్మా? ఆమెకు గుడి కట్టిస్తాను" అన్నాడు.

"కాళ్లు మా అమ్మ కడుపులోంచి తెచ్చుకున్నవే దొరా. ఇట్లాంటి కాళ్లు మా పేటలో ఇంకా ఉన్నాయి. మా సుంకులక్క చిన్నప్పుడే కొండ మీంచి పడి నడవలేకుండా అయింది. అయినా దినామూ నాచేత మోయించుకుని కొండ కింది గుండురాయి కాడికొచ్చి, దాని మీద కూర్చుని, నా అడుగు ఏడ తప్పిందో చూసి చెప్పేది. నేను కూలబడితే, ఇంకొక్కసారి లెయ్యమనేది. నా మీద నాకు లేని నమ్మకం ఆమెకు ఉండింది."

ప్రభువు ఓబుళమ్మ వెంట ఆ గుండు చెంతకు వెళ్లి, దాని మీద కూర్చుని ఉన్న సుంకులక్కకు చేతులు జోడించాడు.

"నాకు దండాలెందుకు దొరా? ముందు మా ఓబుళమ్మకు నీళ్లియ్యండి, నోరెండి ఉంది" అన్నదామె.

ఆ గుండు మీదనే ప్రభువు సుంకులక్క పేరిట చిన్న గుడి కట్టించాడు. నాటినుండి ఆ స్థలం అక్కగుండుగా ప్రసిద్ధికెక్కింది. నేటికీ వైశాఖ పౌర్ణమినాడు అక్కడ పరుగుపందెం జరుగుతుంది. గెలిచినవారు పూలదండను తాము ధరించక, తమకు పరుగు నేర్పినవారి మెడలో వేసి పాదాలకు మొక్కుతారు. ఎవరూ నేర్పకుండా గెలిచామనుకునేవారు ఆ దండను, తమకు నడక నేర్పిన తల్లి మెడలో వేస్తారు.