దొర స్తంభాలు, టోలా కొమ్మలు

నార్మన్ జాతి దొర ఒకడు సముద్రం దాటి వచ్చి, ఒక నది ముఖద్వారం దగ్గర ఓడ దిగి, "ఇక్కడ ఊరు కడతాను" అన్నాడు. అక్కడ అప్పటికే పంతొమ్మిది గుడిసెలున్నాయి. చేపలు ఎండబెట్టుకునేవాళ్ళు, వలలు అల్లుకునేవాళ్ళు, పిల్లల్ని కని పెంచేవాళ్ళు అందరూ ఉన్నారు. అయినా ఆ ఊరు దొర నోట్లోంచే ఊడిపడిందని రాసుకున్నారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే, మొదటి వాక్యం దగ్గరే.

ఆయన పేరు నేను చెప్పను. రాళ్ళ మీద చెక్కించుకున్నాడుగా, కావాలంటే వెళ్ళి చదువుకోండి. ఆవిడ పేరు ఎవరూ ఎక్కడా చెక్కలేదు, అందుకని అది చెబుతాను. టోలా.

టోలా పని నడవడం. ఆ ముఖద్వారం నిండా ఇసుక దిబ్బలే. ఓడ పట్టేంత లోతైన దారి ఒక్కటే ఉంటుంది, అదీ నిలకడగా ఉండదు. అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోటు వచ్చి వెళ్ళాక ఇసుక జరుగుతుంది, దాంతో దారీ జరుగుతుంది. నీరు లాగేయగానే టోలా చంకలో, ఏటి ఒడ్డున పెరిగే విల్లో చెట్ల పచ్చి కొమ్మల మోపు పెట్టుకుని ఉత్తకాళ్ళతో బయల్దేరేది. ఇసుక ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ దిగబడుతుందో ఆవిడ అరికాలికి తెలిసేది. గట్టి ఇసుక అంచునే కొమ్మలు పాతుకుంటూ పోయేది. ఎండు కొమ్మయితే అలకి విరిగిపోతుంది, పచ్చిదయితే వంగి లేస్తుంది.

ఓడలవాళ్ళు ఆ కొమ్మల్ని ఎడమచేతి వైపు ఉంచుకుని లోపలికి వచ్చేవారు. టోలా వాళ్ళమ్మ చేసిందీ ఇదే పని, అమ్మమ్మ చేసిందీ ఇదే. దొర మొట్టమొదటి ఓడ ఒడ్డుకు చేరింది కూడా ఆ కొమ్మల వెంటే. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, ఆయన ఎలాగూ పెట్టుకోలేదు.

దొర చేతగానివాడని నేను అనను. దొరతనమూ ఆయనదే, వర్తకమూ ఆయనదే. రాతి రేవు కట్టించాడు. ద్రాక్షసారా దింపించాడు, ఉన్ని ఎక్కించాడు. అయిదేళ్ళు తిరిగేసరికి పంతొమ్మిది గుడిసెలు మూడొందల ఇళ్ళయ్యాయి. జనం కడుపునిండా తిన్నారు, నోరు మెదపడం మాత్రం మానేశారు.

ఒకరోజు ఆయన కన్ను కొమ్మల మీద పడింది. టోలాని పిలిపించాడు.

"పోయిన నెల ఈ పుల్లలు అటున్నాయి. ఇప్పుడు ఇటున్నాయి. ఎవరే జరపమన్నది?"

"ఇసుక జరిగింది దొరా."

"నా పొలాల్లో సరిహద్దు రాళ్ళు జరుగుతున్నాయా? నా కోటగోడ జరుగుతోందా? నా ఊరి దారి మాత్రం పక్షానికోసారి ఎందుకు జరగాలి?"

"అది తమరి ఊరి దారి కాదు దొరా. నీళ్ళ దారి."

మీసాలుంటే మెలేసేవాడే, ఆ జాతి దొరలు మీసాలు ఉంచరు. నున్నటి గడ్డమే నిమురుకున్నాడు.

నెల తిరక్కుండా నీళ్ళలో ఏడు రాతి స్తంభాలు లేచాయి. ఒక్కోదాని నెత్తిన ఒక సింహం తల, దాని కింద దొర పేరు. ఆరోజు టోలా కొమ్మలు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే పాతించాడు. ఆవిడ కాలు వెతికిన దారికి ఆయన పేరు పెట్టుకున్నాడన్నమాట. తర్వాత చర్చి మెట్ల మీద చాటింపు వేయించాడు. నీళ్ళలో ఇంకెవరైనా వేరే గుర్తు పాతితే పాదం నరికేస్తారు.

ఆకులు రాలే కాలం వచ్చింది. గాలీ పోటూ కలిసి మూడు రోజులు ఊళ్ళో ఎవరికీ కంటిమీద కునుకు లేకుండా చేశాయి. నాలుగో రోజు టోలా నడిచి చూసింది. నడవొద్దని చాటింపులో లేదు కదా. తిరిగొచ్చి నేరుగా దొర దగ్గరకి వెళ్ళింది.

"దొరా, అయిదో స్తంభమూ ఆరో స్తంభమూ ఇప్పుడు దిబ్బ మీద ఉన్నాయి. వాటిని నమ్మి వచ్చిన ఓడ బద్దలవుతుంది."

"స్తంభాలు కదిలాయా?"

"లేదు దొరా."

"మరి తప్పు స్తంభాలదెలా అవుతుంది? ఇసుకది. ఇసుకని దాని పాత చోటుకి పంపిస్తాను."

నవ్వకండి, నిజంగానే పంపబోయాడు. నలభై మందికి పారలిచ్చి దిబ్బ మీదకి తోలాడు. నీరు లేనంతసేపూ వాళ్ళు తవ్వేవాళ్ళు, పోటు వచ్చి పూడ్చేసేది. నాలుగు రోజులు ఇదే భాగోతం.

అయిదో రోజు పొద్దున సముద్రం మీద తెరచాప కనిపించింది. దొర సారా ఓడ. చుక్కాని దగ్గర ఉన్నది టోలా తమ్ముడు, ఓడలో మొత్తం ముప్ఫై రెండు మంది. మధ్యాహ్నం పోటుతో లోపలికి వస్తారు. స్తంభాలు కనబడతాయి, వాటి వెంటే వస్తారు.

టోలా కత్తి తీసుకుని వెళ్ళి విల్లో కొమ్మలు నరుక్కుంది. మోపు చంకలో పెట్టుకుని పట్టపగలు సంత మధ్యలోంచి నడిచింది. అందరూ చూశారు. చేపలమ్మే ఒకామె మాత్రం గొంతు తగ్గించి, "పాదం పోతుందే టోలా" అంది.

"పోనీ వదినా. తమ్ముడు పోతే మళ్ళీ రాడు."

భయం లేక వెళ్ళిందనుకోకండి. దారిలో రెండు కొమ్మలు జారవిడుచుకుంది. మిగతావన్నీ పాతింది.

ఓడ ముఖద్వారంలోకి వచ్చింది. స్తంభాలు ఒకవైపు దారి చూపిస్తున్నాయి, కొమ్మలు ఇంకోవైపు. "అటు కదా స్తంభాలు" అన్నాడు పక్కనున్న కళాసీ. "స్తంభాలు దొరవిరా, కొమ్మలు మా అక్కవి" అని తమ్ముడు చుక్కాని తిప్పాడు.

రేవు మీద దొర పరాయి ఊళ్ళ వర్తకుల్ని పిలిచి కూర్చోబెట్టాడు. అంత దూరం నుంచి వాళ్ళకి సింహం తలలే కనిపించాయి, కొమ్మలు కనిపించలేదు. ఓడ క్షేమంగా రేవుకి ఆనగానే స్తంభాల్ని తెగ పొగిడారు. దొరకి అంతా తెలుసు. అయినా తల ఊపుతూ పొగడ్తలన్నీ పుచ్చుకున్నాడు.

తమ్ముడు ఓడ దిగి, "మేం వచ్చింది స్తంభాల వెంట కాదు దొరా, కొమ్మల వెంట" అన్నాడు. వర్తకులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. దొర టోలాని పట్టించి తెప్పించాడు.

"తమరి సారా ఒడ్డుకి చేరింది కదా దొరా" అంది టోలా.

"చేరింది. నా మాట నా సారా కంటే పెద్దది."

ఆ సాయంత్రమే, ఆ రాతి రేవు మీదే, ఆవిడ కుడి పాదం నరికించాడు. ముప్ఫై రెండు మంది పెళ్ళాంబిడ్డలూ అక్కడే నిలబడి గుడ్లప్పగించి చూశారు. దొర మీద నా కోపం ఒకెత్తు, వాళ్ళ మీద కోపం ఒకెత్తు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నోరు తెరవలేదు. తమ్ముణ్ణి నలుగురు భటులు నేలకి అదిమి పట్టుకున్నారు.

"ఆ పుల్లలు పీకేయండి" అన్నాడు దొర. భటులు నీటి అంచుదాకా వెళ్ళి ఆగిపోయారు. ఎక్కడ అడుగు వేయాలో, ఎక్కడ దిగబడతారో వాళ్ళకేం తెలుసు? తెలిసిన పాదాన్ని ఇప్పుడే నరికారు. కొమ్మలు అక్కడే ఉండిపోయాయి.

తమ్ముడు అక్కని వీపున వేసుకుని చిన్న పడవ ఎక్కాడు. వాళ్ళు మళ్ళీ ఆ ఊరు రాలేదు. సంగతి తెలిసిన ఓడలవాళ్ళు వేరే రేవులు చూసుకున్నారు. తెలియనివాళ్ళు స్తంభాల్ని నమ్ముకుని వచ్చారు. మూడు ఓడలు దిబ్బ మీద బద్దలయ్యాయి. వాటి చుట్టూ ఇసుక పేరుకుంది, ఇసుక మీద ఒండ్రు పడింది. నది విసిగిపోయి ఇంకోచోట దారి చేసుకుంది. దొర మాత్రం మెత్తటి పరుపు మీద, అందరి చేతా దండాలు పెట్టించుకుంటూ పోయాడు. అలాంటివాళ్ళు అలాగే పోతారు.

ఇప్పుడు సముద్రం ఆ ఊరికి రెండు కోసుల దూరంలో ఉంది. ఒకప్పుడు నీళ్ళున్న చోటంతా పచ్చిక బయలు. అందులో వంకరటింకరగా ఒక విల్లో చెట్ల వరస ఉంది. పచ్చి కొమ్మలు కదా, ఒండ్రు తగలగానే వేళ్ళు తన్నాయి. ఆ వరస ఎందుకలా వంకరపోయిందని ఊళ్ళో ఎవర్నడిగినా తెలియదంటారు. ఎవరు నాటారంటే మాత్రం తడుముకోకుండా చెబుతారు, ఊరు కట్టిన మహానుభావుడు దొరగారు నాటించారని.

చలికాలం వరదొస్తే ఆ బయలంతా మళ్ళీ నీళ్ళతో నిండుతుంది. మేతకెళ్ళిన ఆవులు నీళ్ళ కింద నేల కనబడక ఆగిపోతాయి. ముందు నడిచే ముసలావు ఒక కాలు పెట్టి చూస్తుంది, ఇంకో కాలు పెట్టి చూస్తుంది, చెట్ల వరస వెంట మెల్లగా బయల్దేరుతుంది. మిగతావన్నీ దాని వెనకే వంకర తిరుగుతూ ఒక్కటి కూడా దిగబడకుండా గట్టెక్కుతాయి. ఆ గట్టు ఒకప్పటి ఇసుక దిబ్బే, దాని మీద ఒక స్తంభం ఇంకా నిలబడి ఉంది. సింహం ముక్కు అరిగిపోయింది, పేరు సగం చెరిగిపోయింది. ఆవులు దానికి ఒళ్ళు రుద్దుకుని, దురద తీరాక ఇంటికి పోతాయి.